మౌస్ ఎవరి చేతిలో ఉంది?

ఉచిత వెబ్‌సైట్లతో సైన్స్ పాఠం: మన పిల్లల కోసం, వాళ్లకు చెప్పేవాళ్ల కోసం

సైన్స్ చేతులతో నేర్చుకునే చదువు. తీగ కలపాలి, బల్బు వెలగాలి, వెలగకపోతే ఎందుకు వెలగలేదో వెతకాలి. పసుపు పూసిన కాగితం మీద సబ్బు నీళ్లు పడితే ఎర్రబడటం కళ్లతో చూడాలి. కానీ మన పిల్లలు చదివే చాలా బడుల్లో ప్రయోగశాల అంటే తాళం వేసిన గది, లేదంటే హెడ్మాస్టరు గదిలో ఓ మూల బీరువా. సామాను పగిలితే లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయంతో ఆ బీరువా ఇన్‌స్పెక్షన్ రోజునే తెరుచుకుంటుంది. ప్రయోగం జరగకపోయినా రికార్డు మాత్రం తయారవుతుంది. గైడులో బొమ్మ చూసి బొమ్మ, పరిశీలన చూసి పరిశీలన, ఫలితం చూసి ఫలితం దించేస్తారు. అట్ట వేసి సంతకం పెట్టించుకుంటే ప్రాక్టికల్స్ అయిపోయినట్టే.

ఈ లోటు అందరు పిల్లలకూ ఉన్నదే కదా అనొచ్చు. డబ్బున్న ఇంట్లో అది మరో దారిన తీరుతుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటుంది, చదువుకున్న మేనమామ ఉంటాడు, సెలవుల్లో సైన్స్ క్యాంపు ఉంటుంది. కూలికి పోయి వచ్చిన తల్లిదండ్రుల ఇంట్లో బడి ఒక్కటే దారి. ఆ దారికి తాళం పడితే ఇంకో దారి లేదు.

చేతికీ చదువుకూ ఉన్న సంబంధంలో మనకు ఇంకో పాత గాయం కూడా ఉంది. సతారా బడిలో తన గోనెపట్ట తానే తెచ్చుకుని విడిగా కూర్చున్న సంగతి, ప్యూన్ వచ్చి పోస్తే తప్ప నీళ్లు తాగే వీలు లేని సంగతి బాబాసాహెబ్ అంబేద్కర్ స్వయంగా రాశారు. ఆ తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చెయ్యమని టీచరు ఆయన్ని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు పరుగున వెళ్లి తీసేసుకున్నారని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. లెక్క వచ్చా రాదా అన్నది ఆ క్షణంలో ఎవరికీ పట్టలేదు. ఆ చెయ్యి బోర్డును తాకబోతోందన్నదే వాళ్ల భయం.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణతో అంటరానితనాన్ని రద్దు చేసింది. విద్యాహక్కు చట్టం (2009) వెనుకబాటుకు గురైన వర్గాల పిల్లల మీద బడిలో వివక్ష లేకుండా చూసే బాధ్యతను 8, 9 సెక్షన్లలో ప్రభుత్వం మీద, స్థానిక సంస్థల మీద పెట్టింది. అయినా క్లాసులో అడగాల్సిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. బోర్డు దగ్గరికి ఎవర్ని పిలుస్తున్నాం? పరికరం ముందు ఎవరి చేతికిస్తున్నాం? పాఠం అయ్యాక గది ఎవరితో ఊడిపిస్తున్నాం? ఉచిత సైన్స్ వెబ్‌సైట్ల గురించి మేం రాస్తున్నది ఈ ప్రశ్నల్ని దగ్గర పెట్టుకునే. బడి టీచర్లు, హాస్టల్ వార్డెన్లు, వాడల్లో సాయంత్రం పూట చదువు చెప్పే అక్కలూ అన్నలూ వీటిని వాడుకునే పద్ధతి చెప్పడమే ఈ వ్యాసం పని.

చూసేది వేరు, చేసేది వేరు

ఫోనులో సైన్స్ అనగానే యూట్యూబ్ వీడియోలు గుర్తొస్తాయి. వీడియోలో ఇంకొకరు ప్రయోగం చేస్తారు, పిల్ల చూస్తుంది. బాగా తీసిన వీడియోకి విలువ ఉంది కానీ అందులో పిల్ల ఏమీ మార్చలేదు. మనం చెబుతున్నవి సిమ్యులేషన్లు. తెర మీద బ్యాటరీ, తీగ, బల్బు ఉంటాయి. వేలితో లాగి కలపాలి. తప్పుగా కలిపితే బల్బు వెలగదు. సరిగ్గా కలిపితే వెలుగుతుంది. ఇంకో బ్యాటరీ చేరిస్తే ఏమవుతుందో చేర్చి చూసుకోవచ్చు. వందసార్లు విప్పి కలిపినా అరిగేది లేదు, పగిలేది లేదు, కసిరేవాళ్లు లేరు.

వీటిలో ముందుగా చెప్పాల్సింది ఫెట్. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైంది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ దీన్ని ప్రారంభించారు. తన బహుమతి డబ్బులో కొంత దీనికే పెట్టారు. ఇప్పుడు భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లోనూ లెక్కల్లోనూ కలిపి నూటయాభైకి పైగా సిమ్యులేషన్లు ఉన్నాయి. అన్నీ ఉచితం. పేరు నమోదు చేసుకోకుండానే వాడొచ్చు. ప్రపంచ భాషలెన్నింటిలోకో వాలంటీర్లు అనువదించారు. కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ఇంగ్లీషు అక్షరాలు పీ, హెచ్, ఈ, టీ కొట్టి వెతికితే వస్తుంది.

రెండోది ఓల్యాబ్స్. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ సాయంతో సీడాక్, అమృత విశ్వవిద్యాపీఠం కలిసి తయారు చేశాయి. 9 నుంచి 12 తరగతుల ప్రయోగాలు వరుసగా ఉంటాయి. సిద్ధాంతం, చేసే పద్ధతి, సిమ్యులేషన్, చివర వైవా ప్రశ్నలు ఇస్తారు. టెన్త్, ఇంటర్ పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది.

మూడోది స్టెల్లేరియం. ఇది ఆకాశం. మన ఊరు, తేదీ, సమయం పెడితే ఆ రాత్రి మన నెత్తి మీద ఏ నక్షత్రం ఎక్కడుందో చూపిస్తుంది. వీటితోపాటు అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌ను కూడా గుర్తు పెట్టుకోవాలి. అది సిమ్యులేషన్ కాదు. స్ట్రాలు, అగ్గిపుల్లలు, పాత సీసాలతో సైన్స్ బొమ్మలు చేసే వందల పద్ధతులు, ఉచిత పుస్తకాలు అక్కడున్నాయి. తెరకూ చేతికీ మధ్య వంతెనలా పనికొస్తుంది.

నెట్ అందని చోట ఎలా అంటారా? ఫెట్‌లో కొత్త సిమ్యులేషన్లు ఒక్కొక్కటీ ఒక చిన్న ఫైలుగా డౌన్‌లోడ్ అవుతాయి. మండల కేంద్రంలో ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే నెట్ లేకుండానే కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. పాత సిమ్యులేషన్లు కొన్ని జావా వంటి పాత సాఫ్ట్‌వేర్ అడుగుతాయి. వాటి జోలికి పోకుండా హెచ్‌టీఎంఎల్5 అని రాసి ఉన్నవే ఎంచుకోండి. ఫోన్లలో కూడా అవే నడుస్తాయి.

ఒక పాఠం: రెండు బల్బుల కథ

ఆరుగురు పిల్లలు, ఒక ఫోను లేదా పాత ల్యాప్‌టాప్ ఉన్నాయనుకుందాం. ఫెట్‌లో 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ' తెరవండి. మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పకండి. వాళ్లే లాగి, కలిపి, విడదీసి చూస్తారు. బ్యాటరీ రెండు కొసల్నీ తీగతో నేరుగా కలిపేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. తెర మీద మంట లేస్తుంది, అందరూ అరుస్తారు. షార్ట్ సర్క్యూట్ అన్న మాట అప్పుడు చెబితే ఇక మరిచిపోరు.

ఆ తర్వాత ఒక బ్యాటరీ, ఒక బల్బు కలిపించండి. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓమ్‌లు ఉండేలా పెట్టండి. అమ్మీటర్ 0.9 ఆంపియర్ చూపిస్తుంది. ఇప్పుడు ఫోను పక్కన పెట్టించి ఒక ప్రశ్న వెయ్యండి. ఇదే బల్బు పక్కన అలాంటిదే ఇంకొకటి వరసగా, అంటే శ్రేణి సంధానంలో కలిపితే ఏమవుతుంది? మొదటి బల్బు బాగా వెలిగి రెండోది మసగ్గా వెలుగుతుందా? రెండూ సమానంగా మసగ్గా వెలుగుతాయా? రెండూ మునుపటిలాగే వెలుగుతాయా? ప్రతి ఒక్కరూ తమ జవాబు కాగితం మీద రాయాలి, ఎందుకనుకుంటున్నారో ఒక వాక్యంలో చెప్పాలి. చేసి చూడటం ఆ తర్వాతే.

ముందే రాయించడం వెనక కారణం ఉంది. రాయకపోతే ఫలితం చూశాక అందరూ 'నేనూ అదే అనుకున్నా' అంటారు. రాసి ఉంటే తన ఊహకూ జరిగినదానికీ తేడా ఆ పిల్లకే కనిపిస్తుంది. చాలామంది మొదటి జవాబే ఎంచుకుంటారు. కరెంటు దారిలో ఖర్చయిపోతుందని, ముందున్న బల్బు ఎక్కువ తినేసి వెనకదానికి తక్కువ వదులుతుందని వాళ్ల ఊహ. కలిపి చూస్తే రెండూ సమానంగా మసగ్గా వెలుగుతాయి. అమ్మీటర్ మొదటి బల్బుకు ముందు పెట్టినా, రెండింటి మధ్య పెట్టినా, చివర పెట్టినా 0.45 ఆంపియరే. నిరోధం 20 ఓమ్‌లు అయింది కాబట్టి ప్రవాహం సగమైంది. ఒక్కో బల్బు సామర్థ్యం 8.1 వాట్ల నుంచి సుమారు 2 వాట్లకు, అంటే నాలుగో వంతుకు పడిపోయింది.

మరి ఖర్చయ్యేది ఏమిటి? ఇక్కడ సైకిల్ చైను పనికొస్తుంది. పెడలు తొక్కితే చైనులో ప్రతి లింకూ ఒకే వేగంతో కదులుతుంది. చక్రం దగ్గరికొచ్చేసరికి లింకులు తగ్గిపోవు. చక్రానికి అందేది కాలి బలం, లింకులు తిరిగి వెనక్కే వస్తాయి. వలయంలో ఎలక్ట్రాన్లదీ అదే తిరుగుడు. బ్యాటరీ ఇచ్చిన శక్తి బల్బులో వెలుగుగా, వేడిగా మారుతుంది.

తర్వాత రెండు బల్బుల్నీ సమాంతర సంధానంలో పెట్టించండి. రెండూ పూర్తి వెలుగుతో వెలుగుతాయి, బ్యాటరీ నుంచి మొత్తం 1.8 ఆంపియర్ వస్తుంది. ఒకటి పీకేసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. మన ఇంట్లో ఒక బల్బు పోతే ఫ్యాను ఎందుకు ఆగదో ఎవరూ చెప్పకుండానే వాళ్లే చెబుతారు.

పాఠం తెర మీద ముగియకూడదు. రెండు టార్చి సెల్లులు, రెండు టార్చి బల్బులు, కాస్త తీగ ఎలక్ట్రికల్ షాపులో తక్కువ ఖర్చుకే దొరుకుతాయి. తెర మీద చేసిందే చేత్తో చెయ్యాలి. తీగ చివర ప్లాస్టిక్ తొక్క ఒలవకపోతే బల్బు వెలగదు, సెల్లు పాతదైతే మసగ్గా వెలుగుతుంది. సిమ్యులేషన్ చెప్పని సంగతులు ఇక్కడ బయటపడతాయి. ఒక హెచ్చరిక: ఇంటి కరెంటు 230 వోల్టులు. తెర మీద మంట సరదాగా ఉంటుంది, ప్లగ్గులో అది ప్రాణం తీస్తుంది. ఆ మాట ప్రతి పాఠంలో చెప్పాలి.

వంతు తప్పకూడదు

ఒక ఫోను, ఆరుగురు పిల్లలు ఉన్న చోట ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. చొరవ ఉన్నవాడు లాక్కుంటాడు. వాడు చేస్తుంటే మిగతావాళ్లు చూస్తారు. ఆడపిల్లకి రాత బాగుంటుందని రికార్డు రాసే పని అప్పగిస్తారు. ఊరి బడిలో అయితే ఫోను ఊళ్లోవాళ్ల పిల్లాడి చేతిలో, చీపురు వాడపిల్ల చేతిలో ఉండిపోయే ప్రమాదం ఉంది. ఇదంతా ఎవరూ ఆజ్ఞాపించకుండానే జరిగిపోతుంది. అందుకే పట్టించుకుని ఆపాలి.

మేం చెప్పే పద్ధతి తేలికైనది. ముగ్గురు ముగ్గురుగా జట్లు కట్టండి. ఒకరు చేతి మనిషి: తెరను తాకేది ఆ ఒక్కరే. ఒకరు నోటి మనిషి: ఏం చెయ్యాలో చెప్పేది వీళ్లే, చేతి మనిషి తన సొంతంగా ఏదీ చెయ్యకూడదు. మూడో వాళ్లు రాత మనిషి: ఊహ, జరిగింది, తేడా, మూడూ రాయాలి. ఐదు నిమిషాలకు పనులు మారాలి. పాఠం ముగిసేసరికి ప్రతి పిల్లా మూడు పనులూ చేసి ఉండాలి. జట్లను కూడా ప్రతి వారం కలిపి మార్చాలి. ఒకే వీధివాళ్లు, ఒకే కులంవాళ్లు ఒక జట్టుగా మిగిలిపోకూడదు. గది సర్దడం, ఊడవడం కూడా ఈ వంతుల్లోనే రావాలి, టీచరుతో సహా.

దీనివల్ల పాఠం కూడా బాగుపడుతుంది. నోటి మనిషి తన ఆలోచనను మాటల్లో పెట్టాలి, లేకపోతే చేతి మనిషి కదలదు. 'ఆ తీగను ఇటు' అంటే చాలదు, 'బ్యాటరీ ధన ధ్రువం నుంచి బల్బు దాకా తీగ వెయ్యి' అనాలి. సైన్స్ భాష అలా నోటికొస్తుంది. కులం శ్రమ విభజన మాత్రమే కాదని, శ్రామికుల్నే విభజించిందని 1936లో 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ వాదించారు. పుట్టుకతో పని అంటుకోవడం ఆ విభజన స్వభావం. ఐదు నిమిషాలకోసారి పని మారే జట్టులో పిల్లలు దానికి ఎదురు పద్ధతిని అలవాటు చేసుకుంటారు.

డప్పులో ఉన్న భౌతికశాస్త్రం

ధ్వని పాఠానికి ఫెట్‌లో 'వేవ్స్ ఇంట్రో', 'వేవ్ ఆన్ ఎ స్ట్రింగ్' ఉన్నాయి. మొదటిదాంట్లో స్పీకర్ ముందు గాలి కణాలు ముందుకీ వెనక్కీ ఊగడం కనిపిస్తుంది. పౌనఃపున్యం పెంచితే శబ్దం కీచుగా మారుతుంది, కంపన పరిమితి పెంచితే గట్టిగా వినిపిస్తుంది. కీచుదనం వేరు, గట్టిదనం వేరు అని పిల్లలు తికమకపడే చోట ఇది పది వాక్యాల పని చేస్తుంది. రెండోదాంట్లో తీగ బిగువు పెంచే మీట ఉంది. బిగువు పెరిగితే తరంగం వేగంగా పోతుంది.

ఇప్పుడు అడగండి: డప్పును కొట్టే ముందు మంట దగ్గర ఎందుకు కాస్తారు? వాడలో ఈ ప్రశ్నకు జవాబు తెలియని పిల్లలు తక్కువ. 'మోగుతుంది' అంటారు. ఎందుకు మోగుతుంది? చర్మంలో ఉన్న తేమ వేడికి ఆరిపోతుంది. ఆరిన చర్మం ముడుచుకోవాలని చూస్తుంది, చట్రం దాన్ని వదలదు. బిగువు పెరుగుతుంది. బిగువు పెరిగితే కంపనాల వేగం పెరిగి స్వరం పైకి పోతుంది. వానాకాలంలో డప్పు మెత్తబడటానికి కారణం ఇదే, తిరగేసి చెప్పుకోవాలి. ఇంకో మెట్టు ఎక్కాలంటే లెక్క కూడా ఉంది: పౌనఃపున్యం రెట్టింపు కావాలంటే బిగువు నాలుగు రెట్లు కావాలి. సిర్ర కొట్టే చోటు మధ్య నుంచి అంచుకు జరిగితే శబ్దం ఎలా మారుతుందో పిల్లలు విని రాయొచ్చు.

ఆమ్లాలు, క్షారాల పాఠంలో తోలు పని ఉంది. పచ్చి తోలును సున్నపు నీళ్లలో నానబెడితే వెంట్రుకలు వదులవుతాయి. తేట సున్నపు నీటి పీహెచ్ 12కు పైనే ఉంటుంది, బలమైన క్షారం. ఆ తర్వాత లందలో తంగేడు చెక్క వేసిన నీళ్లలో ఊరవేస్తారు. చెక్కలోని టానిన్లు చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని గట్టిపరుస్తాయి. ఇక అది కుళ్లదు. ఏ ఆకు, ఏ చెక్క, ఎన్నాళ్లు అన్నది తరాలపాటు చేసి చూసి తేల్చుకున్న జ్ఞానం. ఆ పని చేసినవాళ్లను అంటరానివాళ్లన్నారు, ఆ తోలుతో కుట్టిన చెప్పులు మాత్రం తొడుక్కున్నారు.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ జ్ఞానం మనదే, కానీ దాన్ని కులవృత్తిగా మెడకు కట్టడం అన్యాయం. రెండూ కలిపేసి పొగడకూడదు. నలుగురిలో ఒక పిల్లాణ్ని లేపి 'మీ ఇంట్లో డప్పు ఉంటుంది కదా, పట్టుకురా' అనే టీచరు మంచి మనసుతో అన్నా ఆ పిల్లాడి కులాన్ని బోర్డు మీద రాసినట్టే. ఊరి బడిలో అయితే డప్పును తబలా, మృదంగం, ఢోలుతో కలిపి అందరికీ పాఠంగా చెప్పండి. వాయించాలని ఉన్న పిల్ల తనంతట తాను ముందుకొస్తే అప్పుడు చోటివ్వండి. వాడలో మన చదువు చోట మాత్రం పెద్దవాళ్లనే పిలిచి అడగొచ్చు. అమ్మలక్కలకు, తాతలకు చెప్పడానికి సైన్స్ ఉందని పిల్లలకు తెలియడం చిన్న విషయం కాదు.

నీళ్లు, నెత్తురు, మైల

ఫెట్‌లో 'పీహెచ్ స్కేల్' తెరిస్తే ఒక తొట్టి, పైన ద్రవాల జాబితా ఉంటుంది. పాలు, కాఫీ, నారింజ రసం, సబ్బు, బ్యాటరీ ఆసిడ్, ఉమ్మి, నెత్తురు. ఒక్కోటీ ఎంచుకుని పోస్తే పీహెచ్ చూపిస్తుంది. ఇక్కడ కూడా ముందు ఊహ రాయించండి. బ్యాటరీ ఆసిడ్‌లో నీళ్లు పోస్తూ పోతే అది ఏదో ఒక క్షణంలో క్షారంగా మారుతుందా? మారదు. 7 వైపు జరుగుతుంది, దాన్ని దాటదు. నీళ్లు పలుచన చేస్తాయి తప్ప క్షారాన్ని తీసుకురావు. ఇంకో హెచ్చరిక: ఇది తెర మీదే. నిజం ఆసిడ్ జోలికి పిల్లలు పోకూడదు.

నెత్తురు పీహెచ్ 7.4 దగ్గర ఉంటుంది. మన శరీరం దాన్ని 7.35, 7.45 మధ్యనే నిలుపుకుంటుంది. ఎవరి నెత్తురు అని పిల్లలే అడుగుతారు. ఎవరిదైనా.

ఇక్కడి నుంచి మహాడ్‌కు వెళ్లొచ్చు. 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో వేలమంది చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు ఆ చెరువును 'శుద్ధి' చేశారు. ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు అందులో పోశారు. పదో తరగతి పిల్లలకు ఇది చరిత్ర పాఠమే కాక సైన్స్ ప్రశ్న కూడా. మనిషి దోసిలితో నీళ్లు తాగితే ఆ నీళ్లలో ఏం మారింది? పేడ కలిపితే ఏం మారింది? ఏ నీళ్లు తాగితే కడుపు నొప్పి వస్తుంది? పీహెచ్ ఒక్కటే ఈ జవాబు చెప్పదు. పేడతో వచ్చే సూక్ష్మజీవులు పీహెచ్ స్కేలుకు కనపడవు. వాటికి సూక్ష్మదర్శిని కావాలి, నీటి పరీక్ష కావాలి. మన వాడ కుళాయి నీళ్లకు, ఊరి కుళాయి నీళ్లకు పరీక్షలు ఎవరు చేస్తున్నారు, ఫలితాలు ఎక్కడ దొరుకుతాయి అన్న ప్రశ్న దగ్గరికి పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు. రాజ్యాంగం 51ఏ అధికరణ శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవడం పౌరుల విధి అంటుంది. అది ఇలాంటి చోట మొదలవుతుంది.

ఆకాశం పాఠం రాత్రిపూట చెప్పాలి. స్టెల్లేరియంలో మీ మండలం పేరు పెట్టి, తెర మీద చూపించిన గ్రహాన్ని ఇంటి ముందు నిలబడి వెతకమనండి. దొరికిన గ్రహాన్ని నెలరోజులపాటు నక్షత్రాల మధ్య గుర్తుపెట్టుకోమనండి. అది జరగడం చూసిన పిల్లలకు గ్రహబలం, దోషం కబుర్ల మీద సందేహం రాకుండా ఉండదు. కార్ల్ సాగన్‌లా సైన్స్ రచయిత కావాలనుకున్న మన పిల్లవాడు ఒకడు గుంటూరు నుంచి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 2016 జనవరి 17న రోహిత్ వేములను మనం పోగొట్టుకున్నాం. నక్షత్రాల మీద ఆశ పడే పిల్లలు మన వాడల్లో ఎప్పుడూ ఉన్నారు. వాళ్లు ఎదిగే దారిని కాపాడటం మన పని.

తెర ప్రయోగశాల కాదు

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వెబ్‌సైట్లు ప్రయోగశాలకు బదులు కావు. తెర మీద తీగ తుప్పు పట్టదు, పరీక్షనాళిక వేడెక్కదు, వాసన రాదు. కొలతల్లో తేడాలు రావు. నిజం ప్రయోగంలో ఆ తేడాలెందుకొచ్చాయో వెతకడమే సగం సైన్స్. 'సిమ్యులేషన్లు ఉన్నాయి కదా, ల్యాబ్ ఎందుకు' అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. డబ్బు కట్టే బడికి ల్యాబూ తెరా రెండూ, మన బడికి తెర ఒక్కటే అంటే పాత వివక్ష కొత్త వేషంలో వచ్చినట్టు.

ఉచితం అన్న మాటనూ అనుమానంతో చూడాలి. వెబ్‌సైట్ ఉచితం. ఫోను, డేటా, కరెంటు ఉచితం కాదు. 2020లో బడులు మూతపడి పాఠాలు టీవీలోకి, ఫోన్లలోకి వెళ్లినప్పుడు ఇది అందరికీ అనుభవంలోకి వచ్చింది. తండ్రి కూలికి పోతూ పట్టుకెళ్లే ఫోను సాయంత్రానికి గానీ ఇల్లు చేరదు. చేరాక అన్న చేతికి ముందు, చెల్లి చేతికి ఆఖర్న. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. మీ ఇంట్లో అలాంటి ట్యాబు మూలన పడి ఉంటే, నడుస్తుందేమో చూసి చదువు చోటికి తీసుకురండి.

ల్యాబ్ అడగడానికి మన చేతిలో చట్టాలున్నాయి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి, వెనుకబాటుకు గురైన వర్గాల తల్లిదండ్రులకు వాళ్ల సంఖ్యకు తగ్గ చోటు ఉండాలి. సంతకం పెట్టి వచ్చేయకుండా ఆ సమావేశంలో ల్యాబ్ సంగతి తీర్మానంలో రాయించండి. సమాచార హక్కు చట్టం (2005) కింద హైస్కూలుకు సైన్స్ సామాను కోసం ఎంత వచ్చింది, ఏం కొన్నారు, కంప్యూటర్లు ఎన్ని పనిచేస్తున్నాయి అని అడగొచ్చు. ఎస్సీల వాటా నిధులు ఎస్సీల కోసమే ఖర్చు చెయ్యాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దాని స్థానంలోకి వచ్చింది. గురుకులాల్లో, ఎస్సీ హాస్టళ్లలో ల్యాబ్ సామాను, ఇంటర్నెట్ కోసం ఆ నిధుల్లో ఎంత పెట్టారని అడగడం మన హక్కు.

ఈ వారమే మొదలుపెట్టాలంటే

ఒక పాఠం ఎంచుకోండి, ఒక్కటే. పిల్లలు బడిలో ఆ నెలలో చదువుతున్న పాఠమైతే మేలు. దానికి సరిపడే సిమ్యులేషన్ ముందు మీరే అరగంట వాడి చూడండి. ఫైలు దించుకుని నెట్ ఆపి తెరిచి చూసుకోండి. తెర మీద ఇంగ్లీషు మాటలు ఏడెనిమిది ఉంటాయి. వాటికి పాఠ్యపుస్తకంలో ఉన్న తెలుగు మాటలు ఒక అట్ట మీద రాసి గోడకు అంటించండి: కరెంట్ అంటే విద్యుత్ ప్రవాహం, రెసిస్టెన్స్ అంటే నిరోధం. రెండు భాషలూ పక్కపక్కన ఉంటే ఇంటర్ ఇంగ్లీషు మీడియంలోకి వెళ్లినప్పుడు పిల్లలు బెదరరు. ఫెట్ అనువాదాలు వాలంటీర్లే చేస్తారు కాబట్టి, మీలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు తెలుగులో లేని సిమ్యులేషన్‌ను తెలుగులోకి తేవచ్చు. మన పిల్లల నోటి మాటలు అందులో ఉండేలా చూడొచ్చు.

ఊహ రాయించే ఒక్క ప్రశ్న సిద్ధం చేసుకోండి. జట్లు కట్టండి, వంతులు మార్చండి. చివర పది నిమిషాలు నిజం వస్తువుతో చేయించండి. ఆఖర్న ప్రతి పిల్లతోనూ ఒక ప్రశ్న రాయించండి: జవాబు కాదు, ప్రశ్న. ఆ ప్రశ్నల్ని ఒక నోటుబుక్కులో తేదీ వేసి దాచండి. వాటిల్లోంచే వచ్చే వారం పాఠం దొరుకుతుంది.

ఇక బడికి వెళ్లినప్పుడు ఒక పని చెయ్యండి. కంప్యూటర్ గది తలుపు దగ్గర కాసేపు నిలబడి చూడండి. మౌస్ ఎవరి చేతిలో ఉంది, ఎవరు వెనక నిలబడి తొంగి చూస్తున్నారు, గంట కొట్టేలోపు ఆ చేతులు మారాయా లేదా గమనించండి. మారకపోతే ఆ సంగతి టీచరుతో మర్యాదగా చెప్పండి, కమిటీలో రాయించండి, మారేదాకా మళ్లీ మళ్లీ వెళ్లండి.